వేడి చేసింది అనేది జబ్బు పేరు కాదు

ఒంటి మీద నాలుగు పొక్కులు లేస్తే మనవాళ్ళు ఠక్కున చెప్పే మాట ఒకటుంది. "వేడి చేసింది". మామిడిపళ్ళు తిన్నా వేడే, నైట్ షిఫ్ట్ చేసినా వేడే. రెండ్రోజులు మజ్జిగ తాగి చూస్తాం. తగ్గకపోతే వీధి చివర మెడికల్ షాపుకెళ్ళి చెయ్యి చాపి చూపిస్తాం. ఆయనో ట్యూబు చేతిలో పెడతాడు.

మజ్జిగతో నాకు పేచీ లేదు. నా గొడవంతా ఆ ట్యూబుతోనే.

ప్రొడక్షన్‌లో ఎర్రర్ వస్తే కారణం వెతక్కుండా, మెసేజీ కనపడకుండా చేసేసి "ఫిక్స్ అయిపోయింది" అంటే మన లీడ్ ఊరుకుంటాడా? ఆ ట్యూబు చాలాసార్లు చేసేది అదే. ఇలా చేతిలో పెట్టేవాటిలో చాలావరకు క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటి గట్టి స్టెరాయిడ్, ఒక యాంటీబయాటిక్, ఒక యాంటీఫంగల్ కలిపి ఉంటాయి. స్టెరాయిడ్ వల్ల ఎరుపు, దురద నాలుగు రోజుల్లో తగ్గుతాయి. కింద ఉన్నది తామర అయితే మాత్రం ఆ ఫంగస్ లోపల హాయిగా పాకుతూ ఉంటుంది. మొహానికి నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, కొత్తగా మొటిమల్లాంటి పొక్కులు వస్తాయి. ఆపగానే ఇంకా ఎక్కువవుతాయి. దాంతో మళ్ళీ అదే ట్యూబు!

నేను డాక్టర్ని కాదు. కానీ "చిన్న పొక్కులు" అన్నది లక్షణమే తప్ప జబ్బు కాదని తెలుసుకోడానికి డాక్టరే అవ్వక్కర్లేదు. చూడ్డానికి ఒకేలా ఉండేవాటి కారణాలు ఎంత వేరో చూడండి.

భుజాల కింద, తొడల మీద గరుగ్గా, దురద లేకుండా ఉండేవి చాలామందికి కెరటోసిస్ పిలారిస్. కెరటిన్ వెంట్రుక కుదుళ్ళలో అడ్డం పడటం వల్ల వస్తుంది. ప్రమాదం లేదు, అంటుకోదు. యూరియా గానీ లాక్టిక్ యాసిడ్ గానీ ఉన్న మాయిశ్చరైజర్ రాస్తే నునుపవుతుంది. గట్టిగా రుద్దితే ఎర్రబడుతుంది, అంతే. కళ్ళ కింద తెల్లటి రవ్వల్లాంటివి మిలియా. గిల్లితే పోవు, మచ్చ పడుతుంది. ఎండల్లో మెడ, వీపు మీద పేలే చెమటకాయలకి చల్లటి గాలి, వదులు నూలు బట్టలే అసలు మందు.

ముత్యంలా మెరుస్తూ నడుమ చిన్న గుంట ఉంటే మొలస్కమ్ కావచ్చు. అది వైరస్. గోకినా, షేవింగ్ చేసినా, తువ్వాలు పంచుకున్నా పాకుతుంది. ఇక వీపు, ఛాతీ మీద అన్నీ ఒకే సైజులో ఉండి దురద పెట్టేవి మొటిమలు కాకపోవచ్చు. కుదుళ్ళలో ఈస్ట్ పెరగడం వల్ల కూడా అలా వస్తాయి. మొటిమలనుకుని యాంటీబయాటిక్ మింగితే అవి తగ్గకపోగా పెరుగుతాయి.

అన్నిటికన్నా మన పీజీలకి, షేరింగ్ ఫ్లాట్లకి దగ్గరి చుట్టం గజ్జి. వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, నడుం చుట్టూ పొక్కులు, రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వని దురద. నాకు తెలిసిన ఒక ఫ్లాట్‌లో ఒకడికి మొదలైంది. షాపు ట్యూబుతో దురద తగ్గింది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. రెండు నెలలు తిరిగేసరికి నలుగురూ గోక్కుంటున్నారు. వాళ్ళలో ఒకడు సెలవుకి ఊరెళ్ళి అక్క కూతురికి కూడా అంటించి వచ్చాడు. మొదటిసారి అంటుకున్నవాళ్ళకి దురద మొదలవ్వడానికి 2 నుంచి 6 వారాలు పట్టొచ్చు. అందుకే డాక్టర్లు సాధారణంగా ఇంట్లో అందరికీ ఒకే రోజు 5 శాతం పర్మెత్రిన్ రాయమంటారు. మెడ నుంచి పాదాల దాకా రాసి, రాత్రంతా ఉంచి, వారం తర్వాత మళ్ళీ రాయాలి. దుప్పట్లు, బట్టలు వేడినీళ్ళలో ఉతకాలి. ఆ తర్వాత కూడా కొన్ని వారాలు దురద ఉండొచ్చు, అంతమాత్రాన మందు పనిచెయ్యలేదని కాదు.

"ఇంత ప్రమాదమైతే షాపులో ఎందుకు అమ్ముతారు?" అంటారా? 2018లో కేంద్ర ప్రభుత్వం చాలా స్టెరాయిడ్ క్రీములకి చీటీ తప్పనిసరి చేసింది. అదే ఏడాది సెప్టెంబరులో నిషేధించిన 328 మిశ్రమ మందుల్లో ఇలాంటి క్రీములు కూడా ఉన్నాయి. అయినా చీటీ లేకుండా ట్యూబు దొరకడం ఎంత తేలికో మీకూ తెలుసు.

దీని మూల్యం మనొక్కళ్ళదీ కాదు. టెర్బినాఫిన్‌కి లొంగని తామర మన దేశంలో విపరీతంగా పెరిగింది. ఆ ఫంగస్‌కి 2020లో పెట్టిన పేరే ట్రైకోఫైటాన్ ఇండోటినియే. పేరులోనే ఇండియా ఉంది. 2023లో న్యూయార్క్‌లోనూ బయటపడింది. దీనికి ఈ మిశ్రమ క్రీముల వాడకం కూడా ఒక కారణమని చర్మవైద్యులు మొత్తుకుంటున్నారు.

కాబట్టి నేననేది ఒక్కటే, పేరు తెలియకుండా మందు రాయొద్దు. డాక్టర్ దగ్గరికెళ్ళే ముందు బగ్ రిపోర్టులా నాలుగు ముక్కలు రాసుకోండి. ఎక్కడ మొదలైంది, ఎన్నాళ్ళైంది, దురద ఎప్పుడు ఎక్కువ, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, కొత్తగా ఏ మందు మొదలెట్టారు. ఫోటో తీసి పెట్టుకోండి. ఇప్పటికే ట్యూబు రాస్తుంటే సిగ్గుపడకుండా దాన్నీ పట్టుకెళ్ళండి. ఎండీ డీవీఎల్ చదివినవాళ్ళు చర్మవైద్యులు, బోర్డు మీద అది చూడండి.

పొక్కు పెరుగుతున్నా, రక్తం కారుతున్నా, రంగు మారుతున్నా, మచ్చ మీద స్పర్శ తెలియకపోయినా వాయిదా వెయ్యకండి. దద్దుర్లతో పాటు పెదాలు వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి.

మజ్జిగ ఎలాగూ మంచిదే, తాగండి :) కానీ ఆ ట్యూబు మూత తీసేముందు మాత్రం "దీనికి పేరేంటి?" అని ఒక్కసారి అడగండి. షాపాయన దగ్గర ఆ జవాబు లేకపోతే ట్యూబు వెనక్కిచ్చెయ్యండి.