జైలు చూసిన బోధకులు, వాళ్లు వదిలేసిన ప్రశ్న

అమెరికా రాజ్యాంగాన్ని దేవుడే దగ్గరుండి రాయించాడన్నట్టు చెప్పే ప్రసంగాలు మన యువత ఫోన్లలో బాగా తిరుగుతున్నాయి. చివర తేదీ దగ్గర వాడుకగా వచ్చే 'మన ప్రభువు సంవత్సరం' అన్న మాట తప్పితే, ఆ పత్రంలో దేవుని ప్రస్తావనే లేదు. పైగా ప్రభుత్వ పదవికి మత పరీక్ష పెట్టకూడదని ఆరో అధికరణంలో ఉంది. నా దృష్టిలో అది మంచి మాట.

1787 మేలో ఫిలడెల్ఫియాలో కూడినవారికి అప్పగించిన పని పాత ఒప్పందాన్ని సవరించడం. వాళ్లు తలుపులు మూసుకొని, సెప్టెంబరు 17 నాటికి కొత్త రాజ్యాంగమే రాశారు. హాజరైనవారు 55 మంది, సంతకం చేసినవారు 39. హక్కుల పట్టిక చేర్చాలని జార్జ్ మేసన్ అడిగితే ఒక్క రాష్ట్రమూ ఒప్పుకోలేదు. ఆయన సంతకం పెట్టలేదు.

బానిసల విషయంలో మాత్రం బేరం కుదిరింది. సీట్ల పంపకంలో ఐదుగురు బానిసలను ముగ్గురిగా లెక్కించారు. వాళ్లకు ఓటు లేదు, వాళ్ల లెక్క మీద పెరిగిన సీట్లు యజమానుల రాష్ట్రాలకు. బానిసల దిగుమతిని 1808 దాకా ఆపకూడదన్నారు. పారిపోయినవారిని అప్పగించాలన్నారు. ఇంత రాసీ 'బానిస' అనే మాట ఒక్కచోట వాడలేదు. సిగ్గేసిందనుకోవాలి.

ఆమోదానికి 13 రాష్ట్రాల్లో 9 చాలన్నారు. శాసనసభలకు కాక, ప్రజలు ఎన్నుకున్న ప్రత్యేక సభలకు పంపారు. అక్కడ గట్టి వాదనలే జరిగాయి. మసాచుసెట్స్‌లో 187–168, అదీ సవరణలు సిఫారసు చేస్తేనే. వర్జీనియాలో 89–79. న్యూయార్క్‌లో మూడే ఓట్ల తేడా.

వర్జీనియా బాప్టిస్టుల సంగతి మనకు తెలియాలి. విప్లవానికి ముందు అక్కడ లైసెన్సు లేకుండా వాక్యం చెప్పారని వాళ్ల బోధకులను జైల్లో వేశారు. ఆ గాయం మానక ముందే, 1788లో, ఈ రాజ్యాంగంలో మత స్వేచ్ఛకు తగిన రక్షణ లేదని వాళ్ల జనరల్ కమిటీ ఏకగ్రీవంగా తేల్చింది. హక్కుల పట్టిక అక్కర్లేదంటూ వచ్చిన జేమ్స్ మాడిసన్, మరుసటి జనవరిలో కాంగ్రెస్‌కు పోటీ చేస్తూ, జార్జ్ ఈవ్ అనే బాప్టిస్టు కాపరికి ఉత్తరం రాసి సవరణలకు మద్దతు ప్రకటించాడు. జూన్‌లో సభలో పెట్టాడు. 1791 డిసెంబరుకు పది సవరణలు ఆమోదం పొందాయి, మొదటిదానిలోనే మత స్వేచ్ఛ. అధికారంలో లేని సంఘాలు నోరు తెరిస్తే అంత పనయింది.

కథను ఇక్కడ ఆపి చప్పట్లు కొట్టించడం తేలిక. అదే కమిటీ 1790లో జాన్ లీలాండ్ చొరవతో బానిసత్వాన్ని ఖండిస్తూ తీర్మానం చేసింది. 1793కి వచ్చేసరికి, అది శాసనసభ చూసుకోవాల్సిన విషయమంటూ చర్చనే పక్కన పెట్టేసింది. తమ మనస్సాక్షి దగ్గర రాజ్యాంగాన్నే నిలదీసినవారికి, పక్క మనిషి సంకెళ్లు 'రాజకీయం' అయ్యాయి. బానిసత్వం రద్దు కావడానికి 1865 దాకా పట్టింది. నెల్లూరులో 1840లో మిషన్ పెట్టిన అమెరికన్ బాప్టిస్టులు కూడా 1845లో ఈ ప్రశ్న దగ్గరే రెండుగా చీలారు. మన మిషన్ ఉత్తరాది వారి చేతిలో మిగిలింది.

'రాజకీయాలు సంఘానికెందుకు, అయ్యగారూ' అనే మాట మనకు కొత్త కాదు. అయితే ఆ మాట అన్నిచోట్లా వినపడదు. 1950 ఉత్తర్వు వల్ల దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదని వినతిపత్రాలిస్తాం, ర్యాలీలు తీస్తాం. న్యాయమైన కోరికే, ఆపకూడదు కూడా. బెంగళూరులోనో చెన్నైలోనో మ్యాన్‌హోల్‌లో ఊపిరాడక చనిపోయిన పారిశుద్ధ్య కార్మికుడు మన సంఘ సభ్యుడు కాకపోతే, మన భాషవాడే అయినా, ఆదివారం ప్రార్థనలో అతని పేరు వస్తుందా? రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగులోకి దింపకూడదని 2013లోనే చట్టం వచ్చింది. వచ్చే యువజన సదస్సులో మత స్వేచ్ఛ మీద పాఠం ఎలాగూ ఉంటుంది. దాని పక్కన ఈ చట్టం ప్రతి కూడా పెట్టండి. మీ నగరపాలక సంస్థకు వేయాల్సిన ఆర్టీఐ ప్రశ్నలు అక్కడే కూర్చొని రాయండి.