పిలిచినవారే తలలు లెక్కపెట్టాలి

పిల్లల్ని ఊరు దాటించిన ప్రతిసారీ నేను తలలు లెక్కపెడతాను. బస్సెక్కేటప్పుడు ఒకసారి, దిగాక ఒకసారి, మైదానం గేటు ముందు, గేటు లోపల, మళ్లీ తిరుగు బస్సులో. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ఇరవై ఆరేళ్లుగా పీఈటీగా పనిచేస్తున్నాను. ఇన్నేళ్లలో ఆ లెక్క ఒక్కసారే తప్పింది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

కొన్నేళ్ల కిందట నగరంలో ఓ లీగ్ మ్యాచ్ జరిగింది. బడి పిల్లలకు ప్రవేశం ఉచితమనీ, జట్టు రంగు బట్టల్లో వస్తే ఆటగాళ్లతో సెల్ఫీ దిగొచ్చనీ జట్టు ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు పెట్టింది. పదో తరగతి పిల్లవాడొకడు వాళ్ల నాన్న ఫోన్ తెచ్చి, ‘సార్, పోదాం సార్’ అని బతిమాలాడు. హెడ్‌మాస్టర్ గారి అనుమతి తీసుకుని ఇరవై రెండు మందితో బయల్దేరాను. మేం చేరేసరికి గేటు మూసి ఉంది. లోపల ఎప్పుడో నిండిపోయిందట. ఆ సంగతి పోస్టులో రాలేదు, మైకులో ఎవరూ చెప్పలేదు. మా వెనక జనం వస్తూనే ఉన్నారు. తోపులాటలో పిల్లల్ని ఓ పక్కకు లాగి లెక్కపెడితే ఇరవై ఒక్క తలలే తేలాయి. ఏడో తరగతి అమ్మాయి కనిపించలేదు.

పది నిమిషాల తర్వాత ఓ టీ కొట్టు బల్ల కింద దొరికింది. కాలికి ఒక చెప్పే ఉంది. ఏడవడం కూడా మానేసి బల్ల కాలు గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఆ రాత్రి తిరుగు బస్సులో పిల్లలు జట్టు పేజీ తెరిచారు. మేం నలిగిన ఆ గేటు ముందు జనాన్నే వీడియో తీసి, మంటల బొమ్మలు పెట్టి, ‘మా అభిమానుల హోరు’ అన్నట్టుగా వేసుకున్నారు. ఆ జట్టు పేరు రాయను. ఒక జట్టును నిలదీయడానికి కాదు నేను కలం పట్టింది.

2025 జూన్ 4 సాయంత్రం బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో పదకొండు మంది చనిపోయారని తెలిసినప్పుడు ఆ బల్లే కళ్ల ముందు కదిలింది. ముందురోజు రాత్రి అహ్మదాబాద్‌లో పంజాబ్ కింగ్స్‌పై 6 పరుగుల తేడాతో గెలిచి, రాయల్ చాలెంజర్స్ బెంగళూరు తన 18వ సీజన్లో తొలి ఐపీఎల్ కప్పు అందుకుంది. ఆ తర్వాత ఏం జరిగిందో కర్ణాటక ప్రభుత్వం హైకోర్టుకు గంటలు, నిమిషాలతో సహా నివేదించింది. ఉదయం 7:01కి విజయయాత్రకు రమ్మని జట్టు ఖాతాల్లో పోస్టు. 8 గంటలకు మరొకటి. 8:55కి విరాట్ కోహ్లి వీడియోతో ఇంకొకటి. ఉచిత పాసులు కొన్నే ఉన్నాయన్న మాట మధ్యాహ్నం 3:14కి గానీ రాలేదు. అప్పటికే జనం దారిలో ఉన్నారు. ఆ పోస్టులను 44 లక్షల సార్లకు పైగా చూశారనీ, పోలీసుల నుంచి లాంఛనంగా అనుమతి తీసుకోలేదనీ అదే నివేదిక చెప్పింది. స్టేడియంలో పట్టేది సుమారు 35 వేల మంది. చనిపోయినవారిలో బడికి వెళ్లే అమ్మాయి కూడా ఉంది.

ఎవరి తప్పెంతో న్యాయస్థానం తేలుస్తుంది. నన్ను కలచివేసేది ఆ నివేదికలోని ఒక అంకె, ఎవరూ వేయని మరో లెక్క. పోస్టులను ఎన్నిసార్లు చూశారో లెక్క ఉంది. గేటు దగ్గరికి ఎందరు వస్తారో ఎవరూ లెక్కకట్టలేదు.

అది పొరుగు రాష్ట్రం గొడవ అని పక్కన పెట్టలేం. 2016 మే 29న మన సన్‌రైజర్స్ కప్పు గెలిచింది ఆ చిన్నస్వామిలోనే, ఆ బెంగళూరు జట్టు మీదే, 8 పరుగుల తేడాతో. ఆ రాత్రి ఎవరైనా ‘రేపు ఉప్పల్ రండి’ అని పిలిచి ఉంటే నేనూ పిల్లల్ని వెంటేసుకుని వెళ్లేవాణ్ని. 2022 సెప్టెంబరులో భారత్–ఆస్ట్రేలియా టీ20 టికెట్ల కోసం సికింద్రాబాద్ జింఖానా మైదానం దగ్గర ఏం జరిగిందో మనం చూశాం. అక్కడ మ్యాచ్ కూడా లేదు, టికెట్ల కౌంటర్ మాత్రమే ఉంది. అయినా తొక్కిసలాటలో మనుషులు గాయపడ్డారు.

సోషల్ మీడియా మీద నాకు కోపం లేదు. 2020 లాక్‌డౌన్‌లో డేవిడ్ వార్నర్ భార్యతో కలిసి ‘బుట్టబొమ్మ’ పాటకు స్టెప్పులేసిన వీడియో మా బడి పిల్లలందరికీ తెలుసు. ఎక్కడో ఆస్ట్రేలియా ఆటగాడు మనింటి మనిషైపోయాడు. ఆ అభిమానమే 2025లో ఆయన్ను ‘రాబిన్‌హుడ్’ అనే తెలుగు సినిమాలోకి తెచ్చింది. మా అమ్మాయిలు కబడ్డీ రెయిడ్‌లో బోనస్ లైన్ దాటడం నా దగ్గరకన్నా ముందు యూట్యూబ్ షార్ట్స్‌లోనే నేర్చుకున్నారు. ఇదంతా మంచే. కానీ వీడియో చూడమని పిలవడం వేరు, మనిషిని మైదానానికి రమ్మని పిలవడం వేరు. వీడియోను కోటిమంది చూసినా ఎవరి కాలూ ఎవరూ తొక్కరు.

గుంపు ఎలా కదులుతుందో ఈ ఉద్యోగంలో దగ్గరగా చూశాను. ముందువాళ్లు ఆగిపోయారని వెనకవాళ్లకు తెలియదు. వాళ్లు ఒక్క అడుగు వేస్తే ఆ ఒత్తిడి వరసలు దాటుకుంటూ గేటు దాకా వస్తుంది. ఒక చదరపు మీటరులో ఆరేడుగురు చేరితే మనిషి అడుగు అతని చేతిలో ఉండదు. గుంపు ఎటు ఊగితే అటే. తొక్కిసలాట అంటాం గానీ, ఇలాంటి చోట్ల ఎక్కువమంది ప్రాణాలు పోయేది కాళ్ల కింద నలిగి కాదు, ఛాతీ నొక్కుకుపోయి ఊపిరాడక. అంత జనంలో ఫోన్ సిగ్నల్ కూడా సరిగా అందదు. అందుకే ‘నిండిపోయింది, రావద్దు’ అన్న మాట ఇల్లు కదలకముందే చేరాలి.

పెళ్లికి వెయ్యి కార్డులు పంచినాయన వెయ్యి మందికి వంట చేయిస్తాడు. చాలకపోతే తల దించుకుంటాడు. జట్లనూ అదే అడుగుతున్నాను. అనుమతి చేతికి రాకముందు పిలుపు పెట్టొద్దు. పిలిచే పోస్టులోనే చోటు ఎందరికి, ఏ గేటు, పాసు కావాలా వద్దా అన్నవి పెద్దక్షరాల్లో ఉండాలి. సంఖ్య చెప్పకుండా ‘ప్రవేశం ఉచితం’ అనొద్దు. నిండగానే అదే ఖాతాలో, అదే పెద్ద ఆటగాడి గొంతుతో, ‘ఇళ్లకు వెళ్లండి, టీవీలో చూడండి’ అని తెలుగులో చెప్పించాలి. రమ్మంటే లక్షల మంది వింటున్న గొంతు, వెళ్లమంటే మాత్రం ఎందుకు వినరు? గేట్ల దగ్గర మైకు ఉండాలి, దాని ముందు మనిషి ఉండాలి.

బెంగళూరు తర్వాత బీసీసీఐ కొన్ని నిబంధనలు పెట్టింది. కప్పు గెలిచిన మూడు నాలుగు రోజుల్లోపు సంబరాలు వద్దంది, ముందస్తు అనుమతులు తప్పనిసరి చేసింది. మంచిదే. కానీ అవి ఐపీఎల్ విజయోత్సవాలకే. కబడ్డీకి, టికెట్ల అమ్మకానికి, జెర్సీ ఆవిష్కరణకు, మాల్‌లో ఆటగాళ్లను చూపించే కార్యక్రమానికి కూడా ఇలాంటి నియమం కావాలి. రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులు అనుమతి పత్రంలో ఒక్క వరస చేరిస్తే చాలు: పిలుపు పోస్టు ఏమిటో, ఎప్పుడు పెడతారో ముందే చూపించాలి.

ఆ రోజు బల్ల కింద దొరికిన అమ్మాయి తర్వాత జిల్లా కబడ్డీ జట్టుకు ఆడింది. మ్యాచ్ చూడటానికి మాత్రం మళ్లీ ఎప్పుడూ మాతో రాలేదు. ప్రతి సీజన్లోనూ కొత్త పిల్లలు కొత్త పోస్టు పట్టుకుని నా దగ్గరికి వస్తారు. జట్ల యజమానులారా, మా పిల్లల్ని తప్పకుండా పిలవండి. వాళ్లు రావాలి, ఆట చూడాలి, గొంతు పోయేలా అరవాలి. పిలిచే ముందు మాత్రం ఎందరికి చోటుందో లెక్కపెట్టి చెప్పండి. తీసుకెళ్లినంత మందినీ తిరిగి ఇళ్లకు చేర్చే బాధ్యత మా మీద ఉంది. పిలిచినందుకు అందులో సగం మీది.