చర్చలు ముగిశాక ఊరిని చూసేదెవరు?

రాజీ మాట పత్రికలో వచ్చినంత మాత్రాన ఊరు కుదుటపడదు. 2004 అక్టోబరులో నల్లమలలోని చిన్నారుట్ల వద్ద నక్సలైటు నాయకులు అడవి దాటి వచ్చి, హైదరాబాదులో ప్రభుత్వంతో చర్చలకు కూర్చున్నారు. వెనుక ఉండి ఇందుకు ఏళ్ల తరబడి పాటుపడింది ఎస్.ఆర్. శంకరన్ కన్వీనరుగా 1997లో ఏర్పడిన పౌరస్పందన వేదిక. 1987లో తూర్పుగోదావరి జిల్లా గుర్తేడు దగ్గర నక్సలైట్లు ఎత్తుకుపోయిన అధికారులలో శంకరన్ గారూ ఒకరు. అటువంటి మనిషే ఉభయులకూ హితవు చెప్పబూనడం విశేషం.

వేదిక ఎన్‌కౌంటర్లనూ తప్పు పట్టింది, ఇన్‌ఫార్మర్ల పేరిట హత్యలనూ తప్పు పట్టింది. కనుక రెండు వైపులా అనుమానించినవారే. 2005 జనవరిలో చర్చలు తెగిపోయాయి, ఆగస్టులో నిషేధం మళ్లీ వచ్చింది. మిగిలిందల్లా భూమి మాట. దానిపై వేసిన కోనేరు రంగారావు కమిటీ 2006లో నివేదిక ఇచ్చింది.

అడవి పక్క ఊళ్లలో ఇప్పుడు తుపాకుల మోత చాలా తగ్గింది. అసలు పని ఇక్కడే మొదలు. ఒకే వీధిలో ఎన్‌కౌంటరులో కొడుకును పోగొట్టుకున్న తల్లి ఉంటుంది. నాలుగిళ్ల అవతల, ఇన్‌ఫార్మరని నక్సలైట్లు చంపిన మనిషి భార్య ఉంటుంది. ఇద్దరికీ నీళ్లు ఒకే బోరింగు దగ్గర. నక్సలైట్ల చేతిలో పోయినవారి కుటుంబానికి సర్కారు పరిహారముంది, లొంగిపోయినవానికి పునరావాసపు సొమ్ముంది, ఎన్‌కౌంటరు ఇంటికి ఏదీ లేదు. సేవాసంఘం వారు ముందు ఏ గడప తొక్కాలి? ఏది తొక్కినా రెండో వీధికి అనుమానమే.

డబ్బిచ్చేవారి సంగతి మరీ విడ్డూరం. ఎన్ని కుట్టుమిషన్లు పంచారు, ఎన్ని సభలు పెట్టారు అని లెక్క అడుగుతారు. పన్నెండేళ్లుగా మాటలు లేని రెండిళ్లవారు ఒక పెళ్లిలో పలకరించుకున్నారంటే అది ఏ రిజిస్టరులో ఎక్కుతుంది? ఏడాది కాగానే పథకం ముగిసిందంటారు. ఊరివారి పగకు మార్చి నెలాఖరు తెలియదు గదా!

ప్రభుత్వం చేయగలిగినవి రెండున్నాయి. తగాదా భూములను సర్వే చేయించి, పట్టా ఎవరిదో తేల్చడం ఒకటి. రెండోది ఇంకా తేలిక. ఊరిలో తిరిగే సంఘం కుర్రవాళ్లను స్టేషనుకు పిలిచి, ఎవరింట్లో ఏం మాట్లాడారని ఆరా తీయడం పోలీసులు మానుకోవాలి. ఒక్కసారి పిలిచారని తెలిస్తే చాలు, మర్నాడు వారికి ఏ ఇంట్లోనూ మంచినీళ్లు పుట్టవు.