సెల్‌ఫోన్ కసరత్తు మన వరండాకు పనికొస్తుందా?



మన హాస్టల్లో ట్రంకు పెట్టె లేని విద్యార్థి ఉండవచ్చు గానీ, సెల్‌ఫోన్ లేని విద్యార్థి అరుదు. ఆ ఫోన్లో కసరత్తులు నేర్పే యాప్ కూడా చాలామంది వేసుకున్నారు. జిమ్‌కు నెలనెలా ఫీజు కట్టలేని మనకు ఇదొక వరమని కొందరంటున్నారు. చదువు చెడగొట్టడానికి వచ్చిన ఇంకో వ్యసనమని మరికొందరంటున్నారు. డిగ్రీ చదువుతున్న మా అభిప్రాయం వేరు. యాప్ పనికొస్తుంది. కాకపోతే అది మనలాంటి వారిని దృష్టిలో పెట్టుకుని తయారు చేసింది కాదు. కనుక అది చెప్పినట్టల్లా మనం ఆడకూడదు. మనకు తగ్గట్టుగా దాన్ని మనమే వాడుకోవాలి.

ముందుగా మంచి చెప్పుకుందాం. 2013లో ఒక అమెరికన్ వ్యాయామ పత్రికలో 12 కసరత్తుల పట్టిక వచ్చింది. ఒక్కొక్కటి 30 సెకన్లు, మధ్యలో 10 సెకన్ల విరామం. మొత్తం ఎనిమిది నిమిషాల లోపే అయిపోతుంది. కావలసినవి ఒక గోడ, ఒక కుర్చీ, మన ఒంటి బరువు. ఎన్నో యాప్‌లు ఈ పద్ధతిలోనే నడుస్తున్నాయి. కుర్చీ లేకపోతే వరండా మెట్టు చాలు. సెలవుల్లో ఊరికి వెళ్తే ఇంటి అరుగు చాలు. కేంద్ర ప్రభుత్వం 2021 ఆగస్టు 29న, జాతీయ క్రీడా దినోత్సవం నాడు, ఫిట్ ఇండియా యాప్‌ను ఉచితంగా ఇచ్చింది. డబ్బు లేదనే కారణంతో ఒళ్లు వంచకుండా ఉండనవసరం లేదు.

ఇక చిక్కు ఎక్కడ? యాప్‌లో కనిపించే మనిషికి సొంత గది ఉంది, చాప ఉంది, తలుపు వేసుకునే వీలుంది. మన గదిలో ఎనిమిది మంది పడుకుంటారు. ఒకరు గెంతితే ఏడుగురి నిద్ర పోతుంది. అమ్మాయిల హాస్టల్లో డాబా ఎక్కితే చుట్టుపక్కల కళ్లన్నీ అటే. అందుకే మేము చెప్పేది, విడివిడిగా చేయకండి. పదిమంది కలవండి. ఒక్క ఫోన్ కిటికీలో పెట్టండి. స్టడీ అవర్‌కు ముందే వరండాలో పావుగంట చేయండి. ఒకరు లెక్క చెప్పాలి, ఒకరు తక్కిన వారి నడుము, మోకాళ్లు చూడాలి. మామూలు యాప్ పది అని లెక్కపెడుతుందే గానీ మన వెన్ను వంకర పోయిందని చెప్పదు. ఆ పని పక్కనున్న స్నేహితుడే చేయాలి.

రెండో చిక్కు మరీ పెద్దది. అది తిండి. చాలా యాప్‌లు బరువు తగ్గించడాన్నే ముందు పెడతాయి. తగ్గడానికి మన దగ్గర ఏముంది? 165 సెంటీమీటర్ల ఎత్తుండి 45 కిలోలే ఉన్నవాడు, లెక్క ప్రకారం ఉండవలసిన దానికన్నా తక్కువ బరువున్నవాడు. అలాంటివాడు కేలరీలు కరిగించి ఏం సాధిస్తాడు? యాప్ చూపే కేలరీలు కూడా కొలిచినవి కావు, సగటు లెక్క. కూర్చుని ఉంటే కిలో బరువుకు గంటకు సుమారు ఒక కేలరీ, గట్టి కసరత్తుకు దానికి ఎనిమిది రెట్లు. అంటే 50 కిలోల వాడికి అరగంటకు 200. ఆ అంకె చూసి మురిసిపోయి రాత్రి భోజనం మానేయడం ఆత్మహత్యాసదృశం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో వందకు 59 మందికి రక్తహీనత ఉంది. నాలుగు గెంతులకే ఆయాసం, కళ్లు తిరగడం వస్తే చెల్లెళ్లు దాన్ని బద్ధకం అనుకోవద్దు. ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్త పరీక్ష చేయించుకోవాలి. తమ్ముళ్లు ప్రోటీన్ పొడి డబ్బాల జోలికి పోవద్దు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లోనే కండల కోసం ఆ పొడులు వద్దని ఉంది. 50 కిలోల మనిషికి రోజుకు 42 గ్రాముల మాంసకృత్తులు చాలు. గుడ్డులో 6 గ్రాములుంటాయి. పప్పు, శనగలు, పల్లీలు మనకు తెలిసినవే.

అయితే అవి పళ్లెంలోకి రావాలి కదా! తెలంగాణ ప్రభుత్వం 2024 చివర్లో డైట్ చార్జీలు 40 శాతం పెంచింది. ఇంటర్ నుంచి పీజీ వరకు నెలకు 1500 ఉన్నది 2100 అయింది. రోజుకు 70 రూపాయలు, అన్ని పూటలకూ కలిపి. ఆ డబ్బు గుడ్డుగా, పప్పుగా మారుతోందో లేదో చూడటం మెస్ కమిటీ బాధ్యత. కమిటీలో కూర్చోవడం కూడా ఒక వ్యాయామమే!

మూడో మాట ఉద్యోగాల గురించి. మనలో చాలామంది చూపు ఖాకీ చొక్కా మీదే ఉంది. 2022 నోటిఫికేషన్‌లో పురుషులు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలన్నారు. 400 మీటర్ల ట్రాక్ మీద అబ్బాయిలకు చుట్టుకు సుమారు 1 నిమిషం 48 సెకన్లు, అమ్మాయిలకు 2 నిమిషాల 40 సెకన్లు. వరండాలో ఎన్ని గుంజీలు తీసినా ఈ పరుగు రాదు. పరుగు పరుగెత్తితేనే వస్తుంది. ఇక్కడ ఫోన్ గడియారంగా పనికొస్తుంది, అంతే. పరుగెత్తిన దారిని మాత్రం అందరికీ కనిపించేలా పెట్టవద్దు. స్ట్రావా అనే యాప్ విడుదల చేసిన పటంలో సైనిక స్థావరాలే బయటపడ్డాయని 2018లో ప్రపంచమంతా తెలిసింది. అమ్మాయిలు రోజూ ఏ వేళకు ఏ దారిన వెళ్తారో అపరిచితులకు తెలియనక్కర్లేదు. వారం ఉచితం అన్న యాప్‌కు బ్యాంకు వివరాలు ఇవ్వవద్దు. వారం దాటితే స్కాలర్‌షిప్ డబ్బులోంచే కోత పడుతుంది.

చివరగా ఒక హెచ్చరిక. ఫోన్లో కసరత్తు ఉంది కదా, ఇక ఆటస్థలం ఎందుకు, పీఈటీ సారు ఎందుకు అని ఎవరూ అనకుండా చూసుకోవాలి. అద్దె భవనాల్లో నడిచే హాస్టళ్లకు ఆడుకునే జాగా అడగటం మన హక్కు. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. వారికి శిక్షకులున్నారు, సాధనకు కొండలున్నాయి, వెనుక నిలబడిన సంస్థ ఉంది. వారిని యాప్ ఎక్కించలేదు.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు మా విన్నపం ఒక్కటే. మాకు ఖరీదైన పరికరాలు వద్దు. పోలీసు, సైన్యం, క్రీడా శాఖల్లో ఉన్నవారు నెలకొక ఆదివారం వచ్చి, మా పరుగు చూసి, తప్పులు దిద్దండి. పది తాళ్లు, రెండు షాట్‌పుట్ గుండ్లు తెస్తే మరీ సంతోషం. మిగతా రోజుల్లో ఆ ఒక్క ఫోన్ కిటికీలో ఉంటుంది, పదిమందిమి వరండాలో ఉంటాం.