సూర్యుడిచ్చిన పాత్ర

అరణ్యవాసానికి బయలుదేరిన ధర్మరాజును మిక్కిలి బాధించినది రాజ్యనాశం కాదు. తన వెంట నడిచి వచ్చిన విప్రులకు అన్నం పెట్టలేని దైన్యం ఆయనను కుంగదీసింది. ధౌమ్యుని ఉపదేశం మేరకు ఆయన సూర్యుని ఆరాధించి ఒక రాగిపాత్రను వరంగా పొందాడు. అదే అక్షయపాత్ర. ఎందరు వచ్చినా అది అన్నం పెట్టేది. అయితే దానికొక నియమం ఉంది. ద్రౌపది భుజించిన తరువాత ఆనాటికి ఆ పాత్ర శూన్యం. ఈ కథను చెప్పేవారు పాత్ర మహిమను చెప్పినంత గట్టిగా నియమాన్ని చెప్పరు. నేడు సౌరవిద్యుత్తును కీర్తించేవారిలోనూ ఈ ధోరణే కనిపిస్తుంది. సూర్యుడు ఇస్తాడు, నిజమే. ఎప్పుడు ఇస్తాడు, ఏ నేల మీద ఇస్తాడు, ఆ వడ్డనలో ఎవరికి చోటు దక్కుతుంది అన్నవే అసలైన ప్రశ్నలు.

అభివృద్ధి చెందుతున్న దేశానికి విద్యుత్తు అన్నంతో సమానం. భారతదేశంలో సగటు మనిషి వాడుకొనే విద్యుత్తు ప్రపంచ సగటులో సగానికి కూడా చేరలేదు. 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తర, తూర్పు రాష్ట్రాల విద్యుత్ వ్యవస్థ కుప్పకూలి సుమారు 60 కోట్ల మంది చీకటిలో ఉండవలసి వచ్చింది. దక్షిణాది ఆ ప్రమాదం నుండి తప్పించుకొన్నది కాని, కొరత నుండి తప్పించుకోలేదు. ఆ కాలంలోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు ‘పవర్ హాలిడే’లు ప్రకటించారు. సేద్యానికి ఇచ్చే కరెంటు విడతలవారీగా, తరచు రాత్రివేళ వచ్చేది. చీకటిలో మోటారు వేయబోయి పాముకాటుకో, విద్యుదాఘాతానికో బలియైన రైతులు ఎందరో. ఈ చేదు అనుభవాన్ని ఎరిగిన ప్రాంతానికి, పగటివేళ తప్పక లభించే విద్యుత్తు ఎంతటి వరమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ వరాన్ని అందుకొనే ప్రయత్నం గట్టిగానే సాగింది. 2010 జనవరిలో ఆరంభమైన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ సౌర మిషన్ 2022 నాటికి 20,000 మెగావాట్లను లక్ష్యంగా పెట్టుకొన్నది. 2015లో ఆ లక్ష్యాన్ని లక్ష మెగావాట్లకు పెంచారు. గడువు దాటినా, 2025 జనవరిలో దేశం ఆ మైలురాయిని చేరింది. తెలంగాణ రాష్ట్రం 2015లో సొంత సౌరవిద్యుత్ విధానాన్ని ప్రకటించింది. ఒకే చోట వేల ఎకరాల సౌర పార్కును నెలకొల్పడానికి బదులుగా, సబ్‌స్టేషన్ల సమీపంలో చిన్నచిన్న కేంద్రాలను అనేక చోట్ల నెలకొల్పే మార్గాన్ని ప్రధానంగా ఎంచుకొన్నది. 2019 నాటికే రాష్ట్ర సౌర సామర్థ్యం 3,500 మెగావాట్లు దాటింది. విద్యుత్తు పుట్టిన చోటికి దగ్గరలోనే ఖర్చయితే తీగలలో జరిగే నష్టం తగ్గుతుంది. ఇది వివేకవంతమైన మార్గం.

అయితే కేంద్రాలు చిన్నవైనా వాటికి నేల కావలసిందే. ఒక మెగావాటు సామర్థ్యానికి సుమారు నాలుగైదు ఎకరాలు అవసరం. ఆ నేల ఎక్కడిది అన్న ప్రశ్నకు వికారాబాదు, తాండూరు ప్రాంతం కంటె మంచి పాఠశాల లేదు.

వికారాబాదు నుండి తాండూరుకు రైలులో వెళ్ళే ప్రయాణికునికి ఎర్రనేలలు క్రమంగా నల్లరేగడిగా మారడం కనిపిస్తుంది. వికారాబాదు వైపు అనంతగిరి కొండలు, వాటి అడవి. మూసీనది పుట్టినది అక్కడే. తాండూరు వైపు నేల పైన కంది, నేల కింద సున్నపురాయి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పప్పు రుచికి ఆ నల్లమట్టి కారణమని రైతులే కాక శాస్త్రజ్ఞులూ అంగీకరించారు. సున్నపురాయి కారణంగా కరన్‌కోట వంటి చోట్ల సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. నాపరాతి గనులు, బండలను కోసి నునుపు చేసే పాలిషింగ్ యూనిట్లు వేల కుటుంబాలకు కూడు పెడుతున్నాయి.

ఇటువంటి ప్రాంతంలో సౌరకేంద్రం నెలకొల్పదలచినవారి చూపు సహజంగానే చదునైన పొలాల మీద పడుతుంది. పని సులభం, ఖర్చు తక్కువ. భూస్వామికి ఏటా కౌలు ముడుతుంది. వానకై ఎదురుచూడనవసరం లేదు. కాని ఆ పొలంలో కలుపు తీసిన స్త్రీకి, కంది కోసి నూర్చిన కూలీకి, పట్టా లేకుండా కౌలుకు దున్నుకొన్న రైతుకు ఆ ఒప్పందంలో చోటు లేదు. ఒకసారి బిగించిన సౌరఫలకాలకు కాపలాదారు, శుభ్రపరిచేవారు తప్ప మరెవరూ అక్కరలేదు. ఇరవై ఐదేళ్ళ పాటు ఆ నేల కూలినాలి చేసుకొనేవారిని పిలవదు. పర్యావరణం పేరుతో జరిగే పని పేదవాని పళ్ళాన్ని లాగివేస్తే దానిని అభివృద్ధి అనడం ఎలా?

కాబట్టి సౌరవిద్యుత్తు విస్తరించవలసిందే కాని, ముందుగా కప్పుల మీద, ఆ తరువాత బీడు మీద, చిట్టచివరకే పొలం మీద విస్తరించాలి. ఈ క్రమాన్ని పాటించడానికి తాండూరుకు ఉన్న అనుకూలత అరుదైనది. పాలిషింగ్ యూనిట్లు, పప్పు మిల్లులు ప్రధానంగా పగలు నడుస్తాయి. సూర్యుడు విద్యుత్తును ఇచ్చే వేళ, ఆ యంత్రాలు దానిని కోరే వేళ ఒక్కటే. వాటి రేకుల కప్పులు ఎండకు కాగుతూ ఊరకే పడి ఉన్నాయి. మార్కెట్ యార్డులు, కళాశాలలు, కార్యాలయాల కప్పులూ అంతే. రాయి తీసివేయగా మిగిలిన గనుల చుట్టూ రాతి వ్యర్థాల దిబ్బలు ఏ పంటకూ పనికిరాకుండా ఉన్నాయి. నేలను ఒకసారి గాయపరచి సంపాదించిన చోటనే, ఆ గాయాన్ని పూడ్చి, చదును చేసి ఫలకాలను నిలపడం న్యాయం. అనంతగిరి అడవిని మాత్రం ఈ లెక్కలోకి రానీయరాదు. చెట్టు కూడా సూర్యకాంతిని పట్టుకొనే సాధనమే. అంతకు మించి అది నీటిని నిలుపుతుంది.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. కప్పుల మీది చిన్న వ్యవస్థలకు కిలోవాటుకయ్యే ఖర్చు పెద్ద కేంద్రాలకంటె ఎక్కువ. పాత రేకుల కప్పులు బరువు మోయలేకపోవచ్చు. తాండూరు గాలిలో తేలే రాతిపొడి ఫలకాల మీద పేరుకొంటే ఉత్పత్తి పడిపోతుంది. కడగడానికి నీరు కావాలి. ఇవి నిజమైన ఇబ్బందులే కాని, దాటరానివి కావు. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కోటి ఇళ్ళను లక్ష్యంగా చేసుకొని, మూడు కిలోవాట్ల వ్యవస్థకు 78,000 రూపాయల వరకు రాయితీ ఇస్తున్నది. ఆ మాత్రం వ్యవస్థ రోజుకు సుమారు పన్నెండు యూనిట్లు ఇస్తుంది. 2019లో వచ్చిన కుసుమ్ పథకం రైతులు తమ బీడుభూములలో సబ్‌స్టేషన్ల సమీపాన చిన్న కేంద్రాలు పెట్టుకొని విద్యుత్తును అమ్ముకొనే వీలు కల్పించింది. అటువంటి అండను చిన్న పరిశ్రమలకూ, పెట్టుబడి లేని రైతుల సహకార సంఘాలకూ సులభమైన అప్పు రూపంలో విస్తరింపజేస్తే ఖర్చు అడ్డంకి తొలగుతుంది. ఇక రాతిపొడిని అరికట్టడం ఫలకాల కోసం మాత్రమే కాదు, కార్మికుల ఊపిరితిత్తుల కోసం కూడా ఏనాడో చేయవలసిన పని.

మిగిలినది రాత్రి ప్రశ్న. దీపం వెలిగించే వేళకు సూర్యుడు అస్తమిస్తాడు. ద్రౌపది భుజించిన తరువాత దుర్వాసుడు శిష్యసమేతంగా వచ్చినట్లు, సౌరపాత్ర శూన్యమైన సాయంవేళనే ఇళ్ళన్నీ విద్యుత్తును కోరుతాయి. పగటి మిగులును దాచడమే దీనికి ఉపాయం. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలోని 900 మెగావాట్ల యంత్రాలు విద్యుత్తును ఇవ్వడమే కాక, మిగులు కరెంటుతో నీటిని తిరిగి జలాశయంలోకి ఎత్తిపోయగలవు. ఇటువంటి ఏర్పాట్లు, పెద్ద బ్యాటరీలు పెరిగే వరకు బొగ్గును పూర్తిగా విడిచిపెట్టగలమని చెప్పడం ఆత్మవంచన. అలాగని ఆ సాకుతో పగటి వెలుగును వృథా చేయడమూ అవివేకమే. పగటి పనికి పగటి వెలుగును వాడుకొంటే, రాత్రికి దాచుకోవలసిన భారం ఆ మేరకు తగ్గుతుంది.

అక్షయపాత్ర కథలో మరొక విశేషం ఉన్నది. ఆ పాత్ర ద్రౌపది చేతిలోనే ఉండేది. అయినా అతిథులు, పరివారం, భర్తలు అందరూ తృప్తిగా తిన్న తరువాతనే ఆమె తినేది. పాత్ర ఎవరి చేతిలో ఉన్నదో వారు చివర భుజించడమే ఆ వరంలోని ధర్మం. సౌరవిద్యుత్తును పంచే ప్రభుత్వాలకూ, దానిపై లాభం పొందే సంస్థలకూ ఈ ధర్మం వర్తిస్తుంది. తాండూరు కందిచేను, ఆ చేనిలో వంగి పనిచేసే కూలీ, అనంతగిరి అడవి — వీటికి దక్కవలసినది దక్కిన తరువాతనే లాభాల లెక్క మొదలుకావాలి. అప్పుడే సూర్యుడిచ్చిన పాత్ర నిజంగా అక్షయమవుతుంది.