టికెట్టు మాట ఊళ్లోనే తేలాలి

2024 ఎన్నికల ముందు అమలాపురం గడియార స్తంభం దగ్గర టీ కొట్లలో ఒకటే ప్రశ్న: "టికెట్టు ఎవరికండీ?" అడిగేవాళ్లంతా ఓటర్లే. తేల్చేవాళ్లు మాత్రం ఊళ్లో లేరు.

పి.గన్నవరమే చూడండి. ఫిబ్రవరి 24న వచ్చిన తెలుగుదేశం తొలి జాబితాలో మహాసేన రాజేష్ పేరుంది. నిరసనలు రేగాయి, ఆయన తప్పుకున్నారు. పొత్తులో ఆ సీటు జనసేనకు వెళ్లింది, గిడ్డి సత్యనారాయణ గెలిచారు. ఆయన మంచిచెడ్డలేవో జాబితాకు ముందే కార్యకర్తల మధ్య తూచి ఉంటే అంత రచ్చ జరిగేదా?

రాజోలులో విశ్రాంత ఐఏఎస్ అధికారి దేవ వరప్రసాద్‌ను జనసేన నిలిపింది, గెలిపించుకుంది. అనుభవం గొప్పదే. అయినా లంక గ్రామాల వరద గురించి, కాలువల పూడిక గురించి ఆశావహులందరినీ ఒకే వేదికపై నిలదీసే హక్కు ఏ పార్టీ సభ్యుడికైనా ఉండాలి.

అమెరికాలో 2008 జనవరి 3 రాత్రి అయోవా రాష్ట్ర డెమోక్రాట్లు తమ పార్టీ అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకోవడానికి ఇలాగే బడి హాళ్లలో గుమిగూడారు. ఒబామా వాళ్లు ఒక మూల, హిల్లరీ వాళ్లు ఇంకో మూల, ఎడ్వర్డ్స్ వాళ్లు మరో మూల. బలం చాలని గుంపులను పక్కవాళ్లు బతిమాలి తమవైపు తిప్పుకున్నారు. చివరికి తలలు లెక్కపెట్టారు.

అధ్యక్ష అభ్యర్థి ఎంపికే అలా మొదలైనప్పుడు, అసెంబ్లీ టికెట్టుకు మండలానికో సభ పెట్టడం మన పార్టీలకు భారమేమీ కాదు. అమలాపురం, రాజోలు, పి.గన్నవరం రిజర్వుడు స్థానాల్లోనే వచ్చేసారి మొదలుపెట్టవచ్చు.