గడ్డ కొలత చీటీలో ఉండాలి

వీపు మీదనో, తొడ మీదనో చర్మం కింద గడ్డ లేవడం పల్లెల్లో కొత్త సంగతి కాదు. నొప్పి లేదు గనుక ఏళ్ల తరబడి ఊరుకుంటారు. పసరు కట్లు అయ్యాక, పనికి అడ్డం వచ్చినప్పుడు పట్నం ఆస్పత్రికి వెళతారు. అక్కడ కోసి తీస్తారు. ఇంటికి వచ్చేటప్పుడు చేతిలో ఉన్న చీటీలో ‘గడ్డ తీయడమైనది’ అన్న ఒక్క ముక్క తప్ప మరేమీ లేకపోతే ఆ రోగి నష్టపోయినట్టే.

గడ్డలన్నీ ఒకటి కావు. చర్మం కింద మెత్తగా కదిలేది చాలావరకు కొవ్వుగడ్డే. దానితో ప్రాణభయం లేదు. కండను కప్పి ఉండే పొర కిందికి దిగిన గడ్డ వేరు. చుట్టూ ఉన్న మంచి కండను కూడా కలిపి తీయవలసిన క్యాన్సర్ గడ్డ వేరు. మూడింటికీ పట్టే సమయం, శ్రమ, ఖర్చు వేరు వేరు.

అమెరికాలో ఈ తేడాను అంకెల్లో పెట్టారు. అక్కడి వైద్యుల సంఘం 1966లో మొదలుపెట్టిన కోడ్ల పుస్తకంలో నేడు ప్రతి ఆపరేషన్‌కూ ఐదంకెల సంఖ్య ఉంది. 2010లో గడ్డల కోడ్లను సవరించి లోతును బట్టి, సైజును బట్టి విడదీశారు. వీపు మీద చర్మం కింది గడ్డ 3 సెంటీమీటర్ల లోపయితే 21930, ఆపైన అయితే 21931. కండ పొర కిందికి దిగితే 5 సెంటీమీటర్లు హద్దు. దాని లోపు 21932, ఆపైన 21933. మంచి కండతో సహా విస్తారంగా తీస్తే 21935, 21936. గడ్డతో పాటు చుట్టూ తీసిన అంచును కూడా కలిపి, కోసే సమయంలోనే కొలవాలి. ల్యాబుకు పంపే మందునీళ్లలో వేశాక ముక్క కుంచించుకుపోతుంది. డాక్టరు సైజు రాయకపోతే పెద్ద కోడు వేసే వీలు లేదు.

హైదరాబాదులో కూర్చుని ఈ కోడ్లు వేసే ఉద్యోగాల్లో మన తెలుగు పిల్లలు ఎందరో ఉన్నారు. అమెరికా రోగి గడ్డను సెంటీమీటర్లలో లెక్కగట్టే బిడ్డ, ఊళ్లో తన తండ్రికి తీసిన గడ్డ ఎంతదో చెప్పగలడా?

మనకూ కోడ్లు లేకపోలేదు. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మన పాలమూరు ఒకటి. ఆ పథకంలో ప్రతి చికిత్సకూ ఒక ప్యాకేజీ, ఒక కోడు, ఒక ధర ఉన్నాయి. 2023 డిసెంబరు 9 నుంచి రాష్ట్రంలో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల దాకా వర్తిస్తోంది. చిన్న గడ్డకు పెద్ద ప్యాకేజీ రాస్తే ప్రజల సొమ్ము వృథా, ఆ కుటుంబానికి మిగిలే మొత్తమూ తరిగిపోతుంది. లోతు గడ్డను పైగడ్డ అని రాస్తే తరువాత చూసే డాక్టరు దారి తప్పుతాడు.

సొమ్ము కంటే ప్రాణం ముఖ్యం. 5 సెంటీమీటర్లకు మించిన గడ్డను, లోతున ఉన్న గడ్డను, త్వరగా పెరుగుతున్న గడ్డను, తీసిన చోటే మళ్లీ లేచిన గడ్డను తేలిగ్గా తీసుకోరాదు. తీసిన ముక్క పరీక్షకు వెళ్లి తీరాలి. క్యాన్సర్ అని తేలి హైదరాబాదు ఎం.ఎన్.జె. ఆస్పత్రికి వెళ్లవలసి వస్తే, అక్కడి డాక్టర్లు మొదట అడిగేది పాత ఆపరేషన్ కాగితాలే. అవి లేకుంటే వారు చీకట్లో తడుముకోవలసి వస్తుంది.

డాక్టర్లకు పని ఒత్తిడి ఉన్న మాట నిజమే. కాని మేము కోరేది నాలుగు మాటలే. గడ్డ ఎక్కడ, ఎంత సైజు, ఎంత లోతు, ముక్క పరీక్షకు పంపారా లేదా? వీటితో పాటు ప్యాకేజీ కోడు, దాని మొత్తం డిశ్చార్జి చీటీలో తెలుగులో ఉండాలి. ఆరోగ్యమిత్ర దానిని రోగికి చదివి వినిపించాలి. జిల్లా వైద్యాధికారులు ఈ మేరకు ఆదేశాలు ఇవ్వాలి, తనిఖీల్లో చీటీలు చూడాలి.

ప్రజలూ మెలకువగా ఉండాలి. ఆరోగ్యశ్రీ కింద చేరినవారు ప్యాకేజీ చికిత్సకు పైసా కట్టనక్కరలేదు. ఎవరైనా అడిగితే ఆరోగ్యమిత్రకు చెప్పాలి, 104కు ఫోను చేయాలి. పొలం పాసుపుస్తకాన్ని భద్రపరచినట్టే ఆపరేషన్ చీటీనీ, పరీక్ష రిపోర్టునూ పెట్టెలో భద్రపరచాలి. మన ఒంట్లోంచి తీసినదేమిటో అడిగి తెలుసుకోవడం మన హక్కు.